వేడినీళ్ళు

మారతహళ్ళి సర్వీసు రోడ్డులో
మా మెస్సు వెనకాల
సింకు కింద ఒక ఇనప పెట్టె.
దాని మూత తీసే పని నాది.
తీసేదాన్ని కాదు.

రాత్రి పదకొండున్నరకి
చివరి బిర్యానీ గుండిగ కడిగాక
సలసలా కాగిన నీళ్ళు రెండు బకెట్లు
తూములో గుమ్మరించేదాన్ని.
నూనె కరిగి జారిపోయేది.
"పోయింది కదా ఓబుళమ్మా" అనేవాడు పెద్దిరెడ్డన్న
గల్లా లెక్కలోంచి తలెత్తకుండా.
పోయిందన్నా, అనేదాన్ని.

మొన్న పుష్యమాసపు చలిలో
మున్నేకొళాలలో మా వరస ఇళ్ళ ముందు
మ్యాన్‌హోల్ పొంగింది.
గడప దాటొచ్చి
పిల్ల పడుకున్న చాపను తడిపింది.
జలమండలి వాళ్ళు గొట్టం దించి
తెల్లటి గడ్డ ఒకటి పైకి లాగారు,
గేదె వెన్నలా నున్నగా,
ఏడాది బిడ్డంత బరువుగా.
వీధంతా ముక్కు మూసుకుని
ఎవడి పాపమో అని తిట్టింది.
నేను వంగి చూశాను.
గడ్డలో ఇరుక్కుని గోంగూర కాడ,
నాలుగు ఎండుమిరప తొడిమలు.

మారతహళ్ళిలో ఆంధ్రా మెస్సులు యాభై ఉంటాయి,
ఆ మాటే నాకు నేను చెప్పుకున్నాను.
వీధితో పాటు నేనూ తిట్టాను,
కాస్త మెల్లగా.

ఇప్పుడు మూత తీస్తున్నాను.
మూడు రోజులకోసారి, ఊపిరి బిగబట్టి,
చిప్పతో తోడి డబ్బాకెత్తి
బండివాడు వచ్చేదాకా గోడ నీడన పెడతాను.
గుండిగను నీళ్ళు తగలకముందే
పాత పేపరుతో తుడుస్తాను.
పేపర్లో ఎవరెవరి మొహాలో జిడ్డుకి మెరుస్తాయి.

"ఈ నెల గ్యాసు మిగిలిందే" అన్నాడు పెద్దిరెడ్డన్న.
మిగిలిందన్నా, అన్నాను.