పదిహేడో అతుకు

డెల్ఫ్ట్‌లో వాన. కాలువ పక్కన సైకిల్ దీపాలు
వణుక్కుంటూ పోతున్నాయి.
లోపల బల్ల మీద రెండు నల్లటి పలకలు
ఒక్కటై పడుకున్నాయి.
మేకు లేదు, బంక లేదు.
సెకను నిండకముందే, అదిమిపట్టి, గడగడలాడిస్తే
అంచులు కరిగి
ఒకదాన్లోకొకటి ఒదిగి చల్లారాయి.

పైకి ఏ లోపమూ కనపడదు.
అందుకే నమ్మదు యిల్డౌ.
కందిబద్దంత బిళ్ళలు
అటొకటి ఇటొకటి అంటించి
ఈ చివర గుసగుస వదిలి
ఆ చివర చెవి పెడుతుంది.

కాఫీ కప్పుతో వచ్చి నవ్వుతాడు వీబె.
వాళ్ళమ్మ సంతలో చీజ్ చక్రాల్ని
వేలి కణుపుతో తట్టేదట.
"డొల్లగా మోగితే పక్కన పెట్టేది.
ఎవర్నీ తిట్టేది కాదు."

పదహారు బాగానే పలికాయి.
రాత్రి పదకొండున్నరకి, పదిహేడో దాని దగ్గర
అల ఆలస్యంగా వచ్చింది.
ఎంతని? రెప్పపాటును లక్ష ముక్కలు చేస్తే
అందులో ఒకటి.
వచ్చిందీ సగం గొంతుతోనే,
ఏదో చెప్పబోయి మింగేసినట్టు.

"మళ్ళీ పంపు."
పంపింది. అదే తడబాటు.
వీబె కప్పు కింద పెట్టాడు.

రేపు దీన్ని లాగి తెంపే యంత్రానికి ఇవ్వాలి.
తెగితే తన లెక్క నిజం,
తెగకపోతే ఆ విమానం నిజం.
ఏది కోరుకోవాలో తెలీక
తెల్ల టేపు మీద పదిహేడు అని రాసి అంటించింది.
వీబె చూడనప్పుడు
వేలి కణుపుతో ఒక్కసారి తట్టింది.

మామూలుగానే మోగింది.