రిగ్గర్, రెండో గ్రేడ్

మా మేనమామ పామంజి చెంగయ్యకి
హార్బరు పాసు మీద, బొమ్మ కింద,
ఇంగ్లీషులో ఒకసారి, తమిళంలో ఒకసారి
రాసి ఉండేది: రిగ్గర్, రెండో గ్రేడ్.

కావలి నుంచి సంబంధం మాట్లాడ్డానికొచ్చిన పెద్దాయన
అది కూడబలుక్కుని చదివి
కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడట.
"మద్రాసులో దొంగ ఓట్లు గుద్దేవాళ్ళకి
జీతమూ, గ్రేడూ కూడానా?"
సంబంధం ఆ రాత్రి రైలుకే వెళ్ళిపోయింది.
మాట మాత్రం మా ఇంట్లో కాపురం పెట్టింది.

ఏ ఎలక్షనొచ్చినా పేపరు తెచ్చి
పెద్దక్షరాలు వేలితో చూపించేవాణ్ణి:
"మామా, నీ పేరు పడింది."
నవ్వేవాడు కాదు. పంటికింద పొగాకు సర్దుకుని
"కొయ్యకి మోకు, మోకుకి కప్పీ, కప్పీకి చాప,
చాపకి గాలి.
గాలిని తప్ప అన్నిటినీ కట్టేవాడు రిగ్గరు.
పేపర్లో వాళ్ళు
గాలిని కూడా కట్టేస్తారు. అంతే తేడా."

ఇంకోసారి, వాన పడుతుంటే, వలల షెడ్డులో:
"పరాయి మాటనెందుకురా అనడం?
మన ఓడలో ఓడిపోవడం లేదూ?
చాప కింద నీరంటే దొంగబుద్ధి అంటారు.
తెరచాప కింద నీరు కాక ఇంకేముంటుంది?
పాతికేళ్ళు ఆ నీటి మీదే తిన్నాను నేను."

కాశిమేడులో పడవలు
ఒకదాని మీదొకటి ఎక్కిన తుఫాను ఏడు
మా సొసైటీకి ఎన్నికలు.
ఓట్లపెట్టె అంటే రొయ్యల ఐసుపెట్టే,
మూతలో కోసిన చిన్న సందు. తాళం లేదు.
"చెంగయ్య ముడి ఉండగా తాళమెందుకు?"
రెండు పక్షాలవాళ్ళూ ఒప్పుకున్న మాట అదొక్కటే.
తారు పూసిన పురికొస నాలుగు చుట్లు చుట్టి
కొస లోపలికి దోపి, ఉమ్మితో తడిపి బిగించాడు.
పెట్టెని రాత్రికి ఆఫీసులో ఉంచారు.
ఆఫీసు గుమాస్తాని నేనే.

తెల్లారి, లెక్కకి ముందు, పిలిచారు చూసి చెప్పమని.
చూపు ఆనదు కదా, వేలితో చూశాడు.
చుట్టు. చుట్టు. చుట్టు. చుట్టు.
అక్కడ ఆగింది వేలు.
ఆయన కొస కుడివైపు దూరుతుంది.
ఇది ఎడమకి దూరింది.
ఆ ముడి ఆయన జన్మలో నేర్పింది ఒక్కడికే.
"పుర్రచెయ్యోడా, అద్దంలో చూసి కట్టినట్టుందిరా"
అని నవ్వుతూ నేర్పాడు.

మొహం ఎత్తలేదు. నా చేతులున్న వైపు తిరిగాడు.
బయట ఐసు దంచే మిషను
ఆగి, మళ్ళీ మొదలైంది.
"నాదే," అన్నాడు. "ముడి నాదే."

నలభై ఒక్క ఓట్ల మెజారిటీ.
టపాకాయలు కాల్చారు, మామకీ ఒక దండ వేశారు.
ఆ దండ దారాన్ని విప్పుకుంటూ
ఇంటిదాకా నడిచాడు, వెనకాల పూలు రాలుతూ.
గెలిచినాయన నాకిస్తానన్న ఇంజను లోను సంగతా?
ఓడ దాటేదాకే ఓడమల్లయ్య.
వారానికి నా పేరే మర్చిపోయాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర మామ ఒకటే అడిగాడు:
"కట్టడం నేను నేర్పాను.
విప్పడం ఎవరు నేర్పార్రా?"

నేను పలకలేదు. చెయ్యి కడుక్కొచ్చి
రెండు మూరల తాడు నా ముందు పడేశాడు.
"కుడిచేత్తో."
కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది.
కోళ్ళు కూసేదాకా కడుతూనే ఉన్నాను.
అది శిక్షో, ఇంకోసారి దొరక్కుండా పాఠమో
అడగాలనుకుంటూనే పన్నెండేళ్ళు గడిపేశాను.

ఆయన పోయాక కాగితాలన్నీ కట్టగట్టి
పాసు పైకి కనపడేలా పెట్టెలో దాచాను.
ఏ చేత్తో ముడేశానో
చూసుకోలేదు.