తడి తెలిసిన వేలు

సూరప్పడు లారీ క్లీనరు.
ఊటీ నుంచి కేరట్ లోడుతో వస్తూ
తడిపిన తమిళ పేపర్లో చుట్టి
జానెడు మొక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు.
"ఫ్యూసియా అట బావా, సలికొండల మొక్క."
ఆ పేరు మా వీధిలో ఒక్క పూట నిలబడలేదు.
పాలకేంద్రం పారమ్మ సెల్‌ఫోన్‌లో పువ్వు బొమ్మ చూసి
"జుంకీల మొక్క" అనీసింది. అదే ఖాయమైంది.

నెల్లిమర్లలో చలంటే
ధనుర్మాసంలో నాలుగు తెల్లవారుజాములు.
మిగతాదంతా రేకుల కింద కాపురం.

రంగు డబ్బా అడుగున
కాల్చిన మేకుతో ఏడు చిల్లులు పొడిచాను.
చంపావతి ఇసుక రెండు దోసిళ్లు,
మేకపెంట ఒకటి, కొబ్బరిపీచు పొడి ఒకటి.
ఎర్నమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.
"మిల్లు తాళమేసిన కాణ్ణించి
బియ్యానికే కొలత నేదు,
మట్టికి కొలతలేటి?"

కొళాయి రోజు విడిచి రోజు, నాలుగున్నరకి.
మొదటి బిందె తాగడానికి, రెండోది వంటకి,
మూడోది నిండేలోపు
ధార సన్నబడి దారమైపోతుంది.
మొక్క వంతు బియ్యం కడుగు.

మొదటి వారం ఎక్కువే పోశాను.
పనిలేని చేతికి చెంబు బరువు తెలియదు.
పొద్దున్న పోశాను, మధ్యాహ్నం పోశాను,
గేటు దగ్గర మీటింగు నుంచి వచ్చి
కోపంలో కూడా పోశాను.
ఆకులు వేలాడిపోయాయి.
దాహమేమో అని మళ్లీ పోశాను.
వేరు మునిగినా, వేరు ఎండినా
ఆకు ఒకేలా తల వంచుతుందని
అప్పటికి నాకు తెలీదు.

ఇరవై రెండేళ్లు బ్యాచింగులో చేశాను.
నార మీద నూనె, నీళ్లు చిలకరించి
కుప్ప కుప్పకీ వేలు దూర్చి చూసేవాణ్ణి.
ఎండితే పోగు తెగుతుంది,
నానితే కుళ్లు కంపు.
ఏ మిషనూ చెప్పకముందే నా చూపుడు వేలు చెప్పేది:
"ఇది ఎత్తీండి", "దీనికింకో రోజు కావాల."
తాళం పడిన రోజున
తక్కెళ్లు రాసుకున్నారు, బల్లలు రాసుకున్నారు,
విరిగిన కుర్చీ కూడా రాసుకున్నారు.
ఈ వేలు ఏ కాగితంలోనూ లేదు.

దాన్నే డబ్బాలో రెండో కణుపు దాకా గుచ్చాను.
జిగటగా, ఊపిరాడనట్టుంది మట్టి.
మూడు రోజులు చెంబు ముట్టలేదు.
నాలుగో రోజు వేలి నుంచి ఇసుక పొడిగా రాలింది.
అప్పుడు అరచెంబు,
మొదట్లోనే, ఆకు తడవకుండా.

పడమటెండకి పాత గోనెపట్టా కట్టాను.
మా మిల్లుదే, అంచున పచ్చగీత చెరగలేదు.
సాయంత్రం తడిపితే
గాలికి షెడ్డు వాసన, నా చొక్కా వాసన.
"డూటీ నుంచొచ్చినట్టుంది" అంది ఎర్నమ్మ.
నవ్విందో లేదో చీకట్లో కనబడలేదు.

మాఘమాసంలో పూసింది.
ఒక్కటే.
నేలను చూసే పువ్వు.
ఎర్ర రెక్కలు వెనక్కి విరుచుకుని
కింద వంగపండు రంగు పావడా,
అందులోంచి కేసరాలు
మగ్గం మీంచి జారిన పోగుల్లా.
మొహం చూడాలంటే మనమే వంగాలి.
పారమ్మ మనవరాలు దేముడమ్మ
డబ్బా పక్కన గొంతుక్కూర్చుని,
తుంచకుండానే, మెడ వంచి
పువ్వు కింద చెవి పెట్టి కొలుచుకుంది.
"రెండోది ఎప్పుడు పూస్తాది మావా?
ఒక సెవికేటి సేసుకుంటాను?"

రెండోది పూయలేదు.
రోహిణి కార్తెకి ఆకులన్నీ రాలిపోయాయి.
"పారీయ్ బావా, ఇంకోటి తెత్తాను"
అన్నాడు సూరప్పడు ఫోన్లో,
వెనకాల ఎక్కడిదో లారీ హారను.
గోరుతో పుల్ల మీద గీకాను.
పైన ఎండు గోధుమరంగు.
కింద, దారమంత, పచ్చ.
ఉందో, నా కన్నే అలా చూసిందో.

నిన్న కొళాయి రాలేదు.
ఈవేళ మూడో బిందె సగంలో ఆగింది.
మిల్లు కూత వినబడని తెల్లవారు.
వేలు గుచ్చాను.
రేపటిదాకా ఆగొచ్చు.