సున్నలో బిళ్ళ

కావలిలో, ముసునూరు రోడ్డులో మా కొట్టు.
పడవలకి నంబర్లు, లారీలకి పేర్లు,
బడి ఫ్యాన్ల మీద దాతల ఇంటిపేర్లు.
పాత ఎక్స్‌రే ఫిల్ముల్లో అక్షరాలు కోసి
ఇరవై రెండేళ్ళు రంగు కొట్టినాను.
ఎవరివో పక్కటెముకల మధ్య
ఎవరిదో పడవ పేరు.

చూపుడువేలు ఇంక బ్లేడు పట్టనని మొరాయించిన ఏడు
నెల్లూరు మూలపేట నించి ఒక పెట్టె తెచ్చినాను,
ముప్పై ఆరు వేలు, సెకండ్ హ్యాండు.
నీలం రేకు డబ్బా. లోపల మూడు అద్దాలు, ఒక గాజుగొట్టం.
"స్విచ్చేసి మరిచిపోవచ్చమ్మా" అన్నాడు అమ్మినోడు.
వాడే మరిచిపోయినాడు,
మళ్ళా ఫోనెత్తలా.

మొదటిరోజు మూత ముట్టుకుంటే జివ్వుమనింది.
జిలానీ వచ్చి పచ్చవైరు లాగి చూసినాడు:
"ఇది ఎర్తు కాదక్కా, ఊరికే వేలాడతా ఉండాది."
వెనక దొడ్లో గొయ్యి తవ్వి
బొగ్గులు, ఇస్కపల్లి ఉప్పు, ఒక రాగి కడ్డీ పాతినాము.
రోజూ చెంబెడు నీళ్ళు పొయ్యమన్నాడు.
మొలవని చెట్టుకి
పోస్తానే ఉండా.

అద్దాల సంగతి వేరు.
ఆ వెలుగు కంటికి కనపడేది కాదు,
కంటిని తినేది.
అద్దం ముందు టేపుముక్క అంటించి
మూత మూసి, జోడు పెట్టుకుని, మీట ఒక్కసారి నొక్కి వదిలితే
టేపు మీద నల్లచుక్క.
బండిని ఆ చివరికి జరిపి ఇంకొకటి.
రెండు చుక్కలూ ఒకటి కావాల.
మరని పావుచుట్టు తిప్పితే
చుక్క అలిగినట్టు ఇంకో మూలకి దూకుతుంది.
నాలుగు రాత్రులు, రెండు టేపుచుట్టలు.
అయిదో రాత్రి చుక్క మీదే చుక్క పడితే
ఎవరితో చెప్పుకోవాలో తెలియలా.
జిలానీకి ఫోన్ చేస్తే
"ఒంటిగంటయింది, పడుకో అక్కా" అన్నాడు.

అప్పటికి రోహిణి వచ్చింది.
మా కొళాయిలో నీళ్ళే కాగి వస్తాయి.
గొట్టం చుట్టూ చల్లనీళ్ళు తిరగకపోతే పగులుతుందంట.
కూలరు మోటారు, బ్యాటరీ కొట్టు నీళ్ళు, ఇరవై లీటర్ల బకెట్టు,
అందులో సీసాలకెత్తిన ఐసు.
ఐసు ఫ్యాక్టరీ చెంచురామయ్య దిమ్మె పగలగొడతా
"ఎంత రొయ్యలమ్మా, ఏం కౌంటు?" అని అడిగినాడు.
"ఒకటే రొయ్య అన్నా, గాజుది."

ప్లైవుడ్డు అంచులు మసిబారి మంటెత్తుకుంటే
మూతబడిన హేచరీ నించి గాలిపంపు తెచ్చినాము.
రొయ్యపిల్లలకి ఊపిరిచ్చిన సన్నగొట్టం
ఇప్పుడు నిప్పుని ఊదేస్తా ఉండాది.
పొగ మాత్రం పక్కింటి వంటగదిలోకే పోయేది.
ప్రభావతమ్మ రెండుసార్లు పొయ్యి ఆపి చూసుకుని
మూడోసారి మా గడపెక్కింది.
గొట్టాన్ని మిద్దె దాకా లేపక తప్పలా.

తొలిపని జువ్వలదిన్నె పోలయ్యది. పడవ పేరు గంగమ్మ.
ఎనిమిది నిమిషాలు. మూత తీసి పలక ఎత్తితే
సున్న ఉండాది,
సున్న నడుమ లేదు.
బిళ్ళ ఊడి జాలీ కిందికి పోయింది.

బ్లేడుతో కోసేప్పుడు నేనెప్పుడూ ఆలోచించలేదు,
చెయ్యే వదిలేది, గింజంత చోటు ఇటొకటి, అటొకటి,
నడుమది పట్టుకుని ఉండేదానికి.
మిషనుకి చెప్పాల.
ఎక్కడ కొయ్యాలో కాదు,
ఎక్కడ కొయ్యకూడదో.

మళ్ళా గీసినాను. సున్నకి రెండు వంతెనలు, మకారాలకి తలా ఒకటి.
పోలయ్య పడవకి ఆనించి రంగు కొట్టించి
దూరంగా పోయి నిలబడి చూసినాడు.
"మరీ సక్రంగా ఉండాదే,
కోస్టుగార్డోళ్ళు అర్ధమైలు నించే చదివేస్తారు."
మెచ్చుకున్నాడో, తిట్టినాడో.
డబ్బులు మాత్రం పూర్తిగా ఇచ్చినాడు.

ఊడిన బిళ్ళని పారెయ్యలేదు. ఊదా దారం కట్టి
ప్రభావతమ్మ మనవరాలు మెళ్ళో వేసుకుంది.
"ఇదేం అక్షరం?" అంటుంది, కాలిన అంచు వాసన చూస్తా.

రేపటికి ఐసు చెప్పాల.
ఉప్పుకి ఇయ్యాళ నీళ్ళు పొయ్యలేదు.