సొట్ట గిన్నె

గురువారం రాత్రి ఎనిమిదింటికి
బిబాత చదువుతుంది.
దోస్సో వెళ్ళే దారిలో రేకుల గది, అదే మా రేడియో.
కప్పు మీద సోలార్ పలక, దాని మీద వేలెడు దుమ్ము.
మీటలు ఎత్తడం, దించడం నా పని.

ఆడవాళ్ళ హక్కుల ఒప్పందమట,
నేను పుట్టకముందే దేశాలన్నీ కూచుని రాసుకున్నది.
ఫ్రెంచిలోంచి జర్మాలోకి దించబోతే
మొదట్లోనే కలం ఆగింది.
"వివక్ష"ని మా భాషలో ఏమనాలి?
ఇమామునడిగింది, బడిపంతులునడిగింది,
నన్ను కూడా అడిగింది, దిక్కులేక.
మూడో వారం సంతలో సజ్జలు కొంటూ
కొలిచే గిన్నె అడుగున
లోపలికి నొక్కిన సొట్ట చూసింది.

ఆ రాత్రి చదివింది:
"ఆడదాన్ని సొట్ట గిన్నెతో కొలవరాదు."

ఊళ్ళల్లో రోకళ్ళు ఆగాయని
మర్నాడు లారీ డ్రైవర్లు చెప్పారు.

పదహారో అధికరణం రోజొచ్చింది.
"పసిదాని పెళ్ళి చట్టం ముందు చెల్లదు."
దాని కింద చీమలబారంత అక్షరాల్లో
మా దేశం రాయించుకున్న మినహాయింపు:
అన్నిటికీ సరే, ఇది తప్ప.
విందుకొస్తాను గానీ విస్తట్లో చెయ్యి పెట్టనన్నట్టు.
అద్దం అవతలినుంచి మేనేజరు సేని సైగ చేశాడు,
కింది ముక్క వద్దు, మీట దించెయ్.

నా వేలు మీట మీదే ఉంది.

ఒక సంగతి చెప్పాలి.
నేను రోజూ స్టేషనుకొచ్చే మోటార్‌సైకిల్
మా హంసతు పెళ్ళికి నాకు ముట్టింది.
పద్నాలుగేళ్ళు దానికి.
లెక్కల పుస్తకం పరుపు కింద దాచి వెళ్ళింది,
మళ్ళీ వస్తాననుకుంది కాబోలు.
నేను పెట్రోలు పోయించుకుని
సంతంతా మూడు చుట్లు తిరిగొచ్చాను.
ఎనిమిదేళ్ళయింది. ఇంకా మంచి బండే.

బిబాత కిందిది కూడా చదివింది,
సజ్జల్లో రాళ్ళేరుతున్నంత నిదానంగా.
చదివి, కాగితంలో లేని మాటొకటి కలిపింది:
"సంతకం పెట్టిన చేత్తోనే
సర్కారు గిన్నెకి సొట్ట పెట్టింది, వినండి."

నేను మీట దించలేదు.
ధైర్యమని ఎవరన్నా అంటే నమ్మకండి.
వేలు కదల్లేదు, అంతే.

ఆదివారం సంత.
బేరానికి ముందే, ఎవరూ చెప్పకుండానే,
ఆడవాళ్ళు ఒక్కొక్కరూ గిన్నె అందుకుని
బోర్లించి, అడుగు తడిమి చూస్తున్నారు.
సజ్జలమ్మే ముసలాయన రేడియోని తిడుతున్నాడు.
వాళ్ళలో హంసతు,
వీపున మూడోవాణ్ణి కట్టుకుని.
గిన్నె లోపల బొటనవేలు తిప్పి
ఒకచోట ఆపింది.
తలెత్తి నన్ను చూసింది,
తర్వాత
నా బండిని.