వేడున్న చోటు

మూడోసారి నడిపాయలో మోటారు ఆగిపోయినప్పుడు
అన్న బేటరీని తిట్టాడు.
నేను అన్నని తిట్టాను.
పీతల బుట్టల మీద రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకి
మా ఇద్దర్నీ చూసి లేచిపోయింది.

తెడ్డేసుకుంటూ భావనపాడు రేవుకొచ్చేసరికి
పాటు తీసేసింది, చీకటి పడింది,
భుజాలు రెండూ నావి కావు.

డీజిలు గుడగుడకి చేప చెదిరిపోతోందని,
లీటరు రేటు వింటే ఆకలి చచ్చిపోతోందని
సంఘం అప్పు మీద కొన్న మోటారు ఇది.
నీళ్ల కింద చిన్న రెక్క,
చేటలో బియ్యం చెరిగినంత సడి.
తిరిగితే.

పొద్దున్నే బేటరీని బస్సెక్కించి,
దానికీ ఒక టికెట్టు కొట్టించుకుని,
టెక్కలి వెళ్లాం గొడవాడ్డానికి.
షాపాయన మీటరు ముళ్లు ఆనించి చూపించాడు:
పన్నెండు పాయింటు ఆరు.
"దీనికేటీ రోగం నేదు బాబూ, మీ పడవకే ఉంటాది."
అన్నకి మొహం పెట్టుకోడానికి చోటు దొరకలేదు.

అప్పుడు పిలిచాం కూర్మమ్మని.
సూరాడ దండాసి మనవరాలు.
ఐటీఐలో వైరింగు నేర్చుకుని
నౌపడ ఉప్పు మడుల్లో పంపులు బాగుచేస్తుంది.
రాగిని ఉప్పు ఏం చేస్తుందో ఆ పిల్లకి తెలిసినంత
సముద్రానికి కూడా తెలీదు.

మోటారు నడపమంది. మీటరు తియ్యలేదు.
కళ్లు మూసుకుని
అమరంలో బేటరీ దగ్గర్నుంచి అణియం దాకా
వైరు పొడుగునా వేళ్లు నడిపించింది,
జ్వరమొచ్చిన బిడ్డ ఒళ్లు తడిమినట్టు.
రెండో బల్ల కింద
ఆగింది.
"ఇక్కడ కాల్తంది.
వేడున్న సోటే తప్పున్న సోటు."

బ్లేడుతో నల్ల టేపు విప్పింది.
ఒక చుట్టు, రెండు, ఇంకా, ఇంకా.
లోపల రాగి లేదు.
ఇత్తడి చెంబులో చింతపండు మర్చిపోతే పట్టే
పచ్చటి చిలుం.
"ఎవులు కట్టినారు ఈ ముడి?"

అన్న నీళ్ల వైపు చూశాడు.
నేను, అని చెప్పడానికి
నాకు కాసేపు పట్టింది.

ఇంట్లో ఫ్యానుకి మిగిలిన వైరు, సన్నంది,
మెలేసి టేపు చుట్టి
సరిపోద్దిలే అనుకున్నాను.
ఆ సరిపోద్దిలే
ఆరు నెలలుగా గుక్కగుక్కగా
మా కరెంటు తాగుతూ కూచుంది.

"పదహారు స్క్వేరు వైరెయ్యి, నీ సిటికినేలంత.
కళాయేసిన రాగి అడుగు.
మీయమ్మ గిన్నెలకి ఏయించీది కాదేటి,
పులుసుకి సిలుం పట్టకుండా? అదే ఇదీని.
మెలికిలు పెట్టీకు. లగ్గు తొడిగి ప్రెస్సుతో నొక్కు,
లాగితే నువ్వు రావాల గాని వైరు రాకూడదు.
బేటరీకి జానెడు దూరంలో ఫ్యూజు.
రెక్కకి వల సుట్టుకున్న రోజు
ముందది పోవాల, నువ్వు కాదు.
ప్లగ్గంటావా, ఒక్క యేపే దిగీది కొను.
సీకట్లోనైనా, వానలోనైనా, తాగొచ్చినా
ఎర్రది ఎర్రదాన్నే ముట్టాల."

తాగొచ్చినా అన్నప్పుడు
అన్న నా వైపు చూడలేదు.
అంత మంచివాడు.

ఇప్పుడు రేవుకొచ్చాక వలకంటే ముందు
ప్లగ్గు ఊడదీస్తాను.
మంచినీళ్లలో పిండిన గుడ్డతో పిన్నులు తుడిచి,
ఆరనిచ్చి,
మేనకోడలి బుగ్గలకని కొన్న వేజిలైను
గోటితో తీసి పల్చగా రాస్తాను.
డబ్బీ ఖాళీ అయిపోతోందని
ఆ పిల్ల వాళ్లమ్మకి చెప్పింది. తిట్లు తిన్నాను.

రాత్రి పాయలో
తేలినీలాపురం నుంచి మేతకొచ్చిన గూడబాతుల పక్కగా పోయాం.
ఒక్కటీ లేవలేదు.
బల్ల కింద చెయ్యి పెట్టి
కొత్త అతుకు మీద కాసేపు ఉంచాను.
"ఎలాగుంది?" అన్నాడు అన్న, చీకట్లోంచి.
"సల్లగుంది."

బేటరీకి కొట్టించిన టికెట్టు డబ్బులు
ఇంకా అడగలేదు.
అడుగుతాడు.