ఏరేటర్ లేని నీళ్లు

పగలంతా నా పని ఊరివాళ్ల నీళ్లు చూడటం.
సీసా మీద చెరువు నంబరు, కింద రాజుగారి పేరు.
ఉప్పెంత, పీహెచ్ ఎంత, అమోనియా ఎంత,
చుక్క చుక్క పోస్తూ, రంగు మారేదాకా
కన్నార్పకుండా.
రాత్రి పడుకుంటే ఉండి చుట్టూ ఏరేటర్లు
చీకటిని చిలుకుతూనే ఉంటాయి.
ఆ చప్పుడుకి నిద్రపోతాం.
అది ఆగితేనే మెలకువ.

అందుకేనేమో
నా గాజుతొట్టికి తీగ తగిలించలేదు.
మోటారు లేదు, బుడగల గొట్టం లేదు,
తూర్పు కిటికీలోంచి పడే పూటెండ ఒక్కటే కరెంటు.

పాలకొల్లులో అద్దాలు కోసే కరీముల్లా అతికించి ఇచ్చాడు,
రెండడుగులు, ఒక మూల కొంచెం వంకర.
అడుగున మా చేలో ఒండ్రు రెండంగుళాలు,
దాని మీద జల్లించిన గోదారి ఇసుక.
ఇసుక మీద పళ్లెం పెట్టి
పళ్లెంలోకి పోశాను నీళ్లు,
మట్టి ఉలిక్కిపడకుండా.
అయినా వారంపాటు అది కాఫీ డికాషనే.
"బురద పెంచుతున్నావా?" అంది మా అత్త నూకరత్నం.
పంటబోదెలో పీకిన నాచు, పేరు తెలియని రిబ్బనాకు,
వాటంతటవే వచ్చిన మూడు నత్తలు.
మార్చకు, కదపకు, ఊరుకో.
ఊరుకోవడం ఇంత పనని
ఏ లాబ్‌లోనూ చెప్పలేదు.

ఏప్రిల్లో కాలవ కట్టేశారు.
లాకు దిగువన, గొడుగంత గుంటలో
మిగిలిన నీళ్లు.
లస్కరు మరిడియ్య తువ్వాలుతో తోడి తెచ్చాడు
తొమ్మిది చిత్తపరిగెలు.
"పులుసుకి చాలవండి, ఆయ్" అన్నాడు
తక్కువిచ్చినందుకు మొహమాటపడుతూ.

మూడు రోజులు రిబ్బనాకు వెనక
తొమ్మిదీ కలిసి ఒకే భయం.
నాలుగో రోజు ఒకటి తిరిగింది,
తొమ్మిదీ తిరిగాయి.
ముందు తిరిగిందెవరు?
అన్నం చల్లారేదాకా చూశాను.
ఒకదాని తోక దగ్గరి దిష్టిచుక్క కదిలితే
ఆ కబురు పక్కదానికి అందేలోపే
పక్కదీ అక్కడే ఉంటోంది.
నాయకుడు లేడు. నేను రాసుకోడానికి అంకె లేదు.
ఆదివారం మధ్యాహ్నాలు
ఆకు అంచున ఊపిరి పూసకట్టి
ఒక్కొక్కటే తెగి పైకి పోయేది.
అది చూసి నాకు కొంచెం పొగరు కూడా వచ్చింది, దాచడమెందుకు.

శ్రావణం. మూడు రోజుల ముసురు.
మూడో రాత్రి చప్పుడు ఆగిపోయింది.
ఊరంతా ఒకేసారి లేచి కూర్చుంది.
ఫోన్లో పద్మనాభరాజు గారు:
"అమ్మా, రొయ్య తేలుతోంది, జనరేటరు పలకట్లేదు."
స్కూటీ మీద, ఒళ్లో కిట్టు, బురద గట్టు.
ఆక్సిజన్ రెండు కూడా లేదు.
నడుముల్లోతు నీళ్లలో కుర్రాళ్లు
కొబ్బరిమట్టలతో చెరువుని బాదుతున్నారు.
రాజుగారు లుంగీ ఎగ్గట్టి దిగారు.
అంకె చెప్పేశాక నాకింక పనిలేదు.
నేనూ ఒక మట్ట తీసుకున్నాను.

తెల్లారగట్ల ఇంటికొస్తే
నా తొమ్మిదీ నీటి పైపొరకి మూతులానించి
గుటకలు వేస్తున్నాయి.
రాత్రిపూట ఆకు కూడా ఊపిరి తీసుకుంటుంది.
ఎంతమందికి రాసిచ్చానో ఆ ముక్క,
దట్టంగా పెరిగిన నా నాచుని చూసుకుని మురిసేటప్పుడు
ఒక్కసారి గుర్తురాలేదు.

గుప్పెడు గుప్పెడుగా నాచు లాగి బకెట్లో వేశాను.
మోచేతి దాకా చెయ్యి ముంచి
నీటిని నెమ్మదిగా తిప్పుతూ కూర్చున్నాను.
ఒంటికి చెరువు నీచు, చేతికి కాలవ వాసన.
అత్త కాఫీ తెచ్చి, ఏమీ అడక్కుండా
రెండో చేతికి ఇచ్చింది.

ముసురు ఎక్కడో పిగిలి
కిటికీ చువ్వల మీద పలచటి వెలుగు.
ఒకటి కిందకి దిగింది.
తర్వాత నాలుగో, ఐదో, లెక్క తప్పాను.
ఒకటి మాత్రం పైనే చాలాసేపు.

దూరంగా ఒక ఏరేటర్ దగ్గి అందుకుంది.
దాని పక్కది.
ఆ పక్కది.
చెయ్యి తీయలేదు నేను,
ఆ ఒక్కటీ నా వేలు చుట్టూ తిరిగి
మిగతావాటి వైపు మళ్లేదాకా.